గొలుసు ఎంత పొడవు? ఒక సైన్సు మాస్టారి అనుభవ పాఠాలు

విశాఖపట్నంలో మల్కాపురం వైపు బడిలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. నా దగ్గర చదివిన పిల్లల్లో చాలామంది తండ్రులు రిఫైనరీలోనో, పోర్టులోనో, ట్యాంకరు లారీల మీదో పనిచేసేవాళ్లు. అక్కడి రిఫైనరీని 1957లో కాల్టెక్స్ వాళ్లు మొదలుపెట్టారు. 1976లో ప్రభుత్వం తీసుకుంది, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపేసింది. రిఫైనరీ నీడలో పెరిగిన పిల్లలు కూడా ముడిచమురు ఒక పాఠం, ప్లాస్టిక్ ఇంకో పాఠం, నూనెలూ సబ్బులూ మరో పాఠం అనుకుని వేటికవి బట్టీపట్టి, పరీక్ష అయ్యాక మరిచిపోయేవాళ్లు. అవన్నీ ఒకే ఇంటి బిడ్డలని నా నమ్మకం. ఏ పదార్థం ఎదురైనా రెండే ప్రశ్నలు వేయమనేవాణ్ణి: కార్బన్ గొలుసు ఎంత పొడవు? అందులో ద్విబంధం ఉందా, లేదా?

1. ముందు కార్బన్లు లెక్కపెట్టండి

ముడిచమురంటే ఒక పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల కలగూరగంప. దాన్ని కొలిమిలో సుమారు 350 డిగ్రీలకు కాచి ఎత్తయిన స్వేదన స్తంభంలోకి పంపుతారు. స్తంభం అడుగున వేడి, పైకి పోయేకొద్దీ చల్లన. పొట్టి గొలుసులు ఆవిరిగా పైదాకా పోతాయి, పొడుగువి మధ్యలోనే చల్లబడి ద్రవమై తట్టల్లో దిగుతాయి. నాలుగు కార్బన్ల దాకా గ్యాసు, అయిదు నుంచి పది పన్నెండు దాకా పెట్రోలు, ఆ పైన కిరోసిన్, డీజిల్, ఇంజిన్ ఆయిలు, మైనం, అడుగున తారు. అక్కడ కొత్తగా ఏదీ తయారు కాదు, కలిసి ఉన్నది విడిపోతుందంతే.

గొలుసు పెరిగేకొద్దీ మరుగు స్థానం పెరుగుతుంది, ద్రవం చిక్కబడుతుంది, అంటుకోవడం కష్టమవుతుంది, మంటలో పొగ ఎక్కువవుతుంది. ఈ ఒక్క వాక్యం పట్టుబడితే పరీక్షలో మార్కులే కాదు, ప్రాణాలూ దక్కుతాయి. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు కిందనున్న చలిలోనూ అంటుకునేంత ఆవిరినిస్తుంది. కిరోసిన్‌కు 35 డిగ్రీలకు పైన వేడి కావాలి. అందుకే కిరోసిన్ దీపం బుద్ధిగా వత్తి చివర వెలుగుతుంది. అదే కిరోసిన్‌లో కాస్త పెట్రోలు కలిసిందా, దీపం పేలుతుంది. రేషన్ కిరోసిన్‌కు నీలిరంగు వేసింది మాత్రం ఈ భయంతో కాదు, దొంగతనం ఆపడానికి: చవగ్గా వచ్చేదాన్ని తీసుకెళ్లి డీజిల్‌లో కలిపేవాళ్లను పట్టుకోవడానికి.

2. సిలిండరు గ్యాసు నేలను పాకుతుంది

గాలి సగటు అణుభారం 29. వంటగ్యాసులోని ప్రొపేన్ 44, బ్యూటేన్ 58. అంటే లీకైన గ్యాసు పైకి పోదు, నేలబారున పరుచుకుని మూలల్లో, డ్రైనేజీల్లో, మెట్ల కింద చేరుతుంది. గొట్టాల్లో వచ్చే సహజవాయువు ప్రధానంగా మీథేన్, దాని అణుభారం 16. అది పైకప్పుకు చేరుతుంది. సిలిండరున్న ఇంటికి కింద గాలి పోయే దారి కావాలి, పైపు గ్యాసున్న ఇంటికి పైన కావాలి. ఇల్లు కట్టే మేస్త్రీకి ఈ తేడా చెప్పేవాళ్లు తక్కువ.

1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున విశాఖ రిఫైనరీలో జరిగింది ఇదే సూత్రం పెద్దఎత్తున. లీకైన ఎల్పీజీ మేఘంలా నేల మీద పరుచుకుంది. ఎక్కడో నిప్పు తగిలింది. సుమారు అరవై మంది చనిపోయారు. ఆ తర్వాత మా బడిలో ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు నోట్సు రాసుకోకుండా వినేవాళ్లు.

ఎల్పీజీకి సొంత వాసన లేదు. మనకు వచ్చే ఘాటు, కలిపిన ఇథైల్ మెర్కాప్టాన్‌ది. ఆ వాసన రాగానే స్విచ్చి వేయకండి, తీయకండి కూడా. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి నడవండి. ఎగ్జాస్టు ఫ్యాను వేద్దామనే ఆలోచన అందరికీ వస్తుంది, అదే ప్రమాదం.

3. పొడుగు గొలుసును విరగ్గొడతారు

ముడిచమురులో దొరికే నిష్పత్తి ఒకటి, బంకుల్లో మనకు కావలసిన నిష్పత్తి ఇంకొకటి. బరువైన నూనె మిగులుతుంది, పెట్రోలు చాలదు. కాబట్టి ఉత్ప్రేరకం మీద వేడిచేసి పొడుగు గొలుసుల్ని విరగ్గొడతారు, దీన్నే క్రాకింగ్ అంటారు. విరిగిన ముక్కలన్నిటికీ సరిపడా హైడ్రోజన్ ఉండదు గనక కొన్నిటిలో ద్విబంధం మిగులుతుంది. ఈథీన్, ప్రొపీన్ అలా పుడతాయి. బ్రోమిన్ నీటి రంగు పోగొట్టేది ఈ ద్విబంధమే. ప్లాస్టిక్ కథంతా ఇక్కడినుంచే.

4. ఇంధనంలో ఏం తీశారు, ఏం కలిపారు

మా తరం పీల్చిన పెట్రోలు పొగలో సీసం ఉండేది. ఇంజిన్ కొట్టుకోకుండా టెట్రాఇథైల్ లెడ్ కలిపేవాళ్లు. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి అది లేదు. గంధకం 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 ప్రకారం పది లక్షల వంతుల్లో పది వంతులకు మించకూడదు. ఈ రెండూ నిశ్శబ్దంగా జరిగిన పెద్ద మేళ్లు. వీటిని ఎవరూ తలచుకోరు.

ఇప్పుడు అందరి నోటా ఉన్నది ఇథనాల్. పెట్రోలులో కలిపేది 20 శాతం. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా మూడోవంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. లెక్క ఇది. ఇంజిన్ తీరును బట్టి రోడ్డు మీద కనిపించే తేడా మారుతుంది. మైలేజీ అసలు తగ్గదనేవాళ్ల మాట నేను నమ్మను. బండి తుక్కయిపోతుందనేవాళ్ల మాటా నమ్మను. నెలల తరబడి మూలన పడేసే పాత స్కూటరు ఉంటే మాత్రం జాగ్రత్త: ఇథనాల్ తేమను లాక్కుంటుంది, నీరు ఎక్కువైతే పెట్రోలునుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది.

5. ప్లాస్టిక్కును తిట్టేముందు దాని అంకె చదవండి

1933లో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఈథీన్‌ను భారీ పీడనంలో పెట్టి వేరే చర్య కోసం చూస్తుంటే, పాత్రలో తెల్లటి మైనం లాంటిది మిగిలింది. పాలిథీన్ అలా దొరికింది. ద్విబంధం తెరుచుకుంటుంది, పక్కదాని చేయి పట్టుకుంటుంది, వేల ఈథీన్లు ఒకే గొలుసవుతాయి. గొలుసుకు పక్క కొమ్మలెక్కువైతే మెత్తటి పాలప్యాకెట్టు. 1953లో జర్మనీలో జీగ్లర్ కనిపెట్టిన ఉత్ప్రేరకంతో కొమ్మల్లేకుండా తిన్నగా కూర్చితే గట్టి డ్రమ్ము. రెండింటిలోనూ ఉన్నది ఈథీనే. వస్తువు అడుగున త్రికోణంలో 4 ఉంటే మొదటిది, 2 ఉంటే రెండోది. నీళ్ల సీసా 1, కుర్చీలు చాలావరకు 5.

3 ఉన్నది పీవీసీ. చెత్తకుప్పలో దాన్ని తగలబెట్టకండి. అందులో క్లోరిన్ ఉంది, మంటలో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లు వస్తాయి. పాలిథీన్ పొగకన్నా ఇది చాలా చెడ్డది. చలిమంటలో కేబుల్ ముక్కలు వేసేవాళ్లను చూస్తే నాకిప్పటికీ కోపమే.

పాలిమర్‌కూ మోనోమర్‌కూ తేడా, అంటే కట్టిన గొలుసుకూ దాని విడి ముక్కకూ తేడా, విశాఖవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. థర్మోకోల్ కప్పు పాలీస్టైరీన్, ముట్టుకున్నా ఏమీ కాదు. దాని ముడిసరుకు స్టైరీన్ ద్రవం, దాని ఆవిరి విషం. స్టైరీన్‌కో గుణముంది: ఎవరూ అడక్కపోయినా తనంతట తానే గొలుసు కట్టుకుంటుంది, కట్టుకునేటప్పుడు వేడి విడుదల చేస్తుంది, ఆ వేడికి ఇంకా వేగం పుంజుకుంటుంది. అందుకే ట్యాంకును చల్లగా ఉంచాలి, నిరోధకం కలపాలి, ద్రవాన్ని కదుపుతూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూసి ఉన్నా ఈ చర్య మూతపడదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఇలాగే వేడెక్కిన ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది చనిపోయారు. ప్లాంటు ఆగిందంటే రసాయనం కూడా ఆగిందనుకునే యాజమాన్యానికి ఫ్యాక్టరీ నడిపే అర్హత లేదు.

6. బాణలి అంచున కట్టే జిగురూ పాలిమరే

వంటనూనె హైడ్రోకార్బన్ కాదు. గ్లిజరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు తగిలించి ఉంటాయి. అయినా ఆ పాత రెండు ప్రశ్నలే ఇక్కడా పనికొస్తాయి. కొబ్బరినూనెలో దాదాపు పదింట తొమ్మిది వంతులు సంతృప్తమే, అంటే ద్విబంధం లేనిదే, అందుకే పుష్యమాసంలో సీసాలో గడ్డకడుతుంది. పొద్దుతిరుగుడు నూనెలో ద్విబంధాలెక్కువ, గడ్డకట్టదు, కానీ గాలికీ వేడికీ తొందరగా చెడుతుంది. వేరుశనగ మధ్యరకం. నికెల్ ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్ పంపి ద్విబంధాలను నింపేస్తే ద్రవం గట్టిపడి వనస్పతి అవుతుంది. ఆ పని సగంలో ఆగినప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకు చెరుపు. 2022 నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని మన నిబంధన.

నూనెను మళ్లీ మళ్లీ కాస్తే ద్విబంధాల దగ్గర గొలుసులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. బాణలి అంచున తోమినా పోని గోధుమరంగు జిగురు అదే. నూనె చిక్కబడి, నురగ పట్టి, త్వరగా పొగ వస్తోందంటే దాని పని అయిపోయింది. కొత్త నూనె కలిపి మోసపోవద్దు. నూనె నిప్పంటుకుంటే నీళ్లు చల్లడం మహాపాపం: నీరు అడుగుకు పోయి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను ఇల్లంతా చిమ్ముతుంది. స్టవ్ కట్టేసి మూత పెట్టండి.

ప్యాకెట్టు మీద “కొలెస్ట్రాల్ లేదు” అని పెద్దక్షరాల్లో రాసుకుంటారు. ఏ మొక్కనూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు.

7. ఆముదం చేనును చిన్నచూపు చూడకండి

1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో నడిచింది. మొక్కనూనె చిక్కన, కాబట్టి ఇవాళ మిథనాల్‌తో చర్య జరిపి గ్లిజరాల్‌ను విడదీసి పలచని బయోడీజిల్ చేస్తారు. కానుగతో చేయొచ్చు, వాడేసిన బజ్జీల నూనెతోనూ చేయొచ్చు. తిండికి పండించిన నూనెను బండిలో పోయడం నాకు నచ్చదు. తినే నూనెలోనే మనం సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం.

ఆముదం సంగతి వేరు, అది వంటకు కాదు. దాని కొవ్వు ఆమ్లాల్లో ప్రధానమైన రిసినోలిక్ ఆమ్లానికి గొలుసు మధ్యలో ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. అందుకే అంత చిక్కన, అందుకే పెట్రోలులో సరిగ్గా కరగదు. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల ఇంజిన్లలో కందెనగా పోసింది దీన్నే. ఆ గొలుసునే విరిచి పదకొండు కార్బన్ల ముక్క తీసి నైలాన్ 11 చేస్తారు. లారీల గాలి బ్రేకుల గొట్టాలకు అది వాడతారు. ఆముదం పంటలో గుజరాత్‌దే సింహభాగం. మన పాలమూరు, నల్లగొండ మెట్టల్లోనూ తరాలుగా పండింది. నైలాన్ 11కు చమురు బావి అక్కర్లేదు, మామూలు నైలాన్‌కన్నా ధర మాత్రం ఎక్కువ.