పడవ బండెక్కితే ఏ కాగితాలు కావాలి?

ప్రశ్న: పదిమంది పట్టే మా ఫైబర్ బోటును భద్రాచలం నుంచి ట్రైలర్ మీద లాక్కెళ్లి, వి.ఆర్.పురం మండలం పోచవరం రేవులో టూరిస్టుల కోసం దించాలనుకుంటున్నాం. రాష్ట్రం మారుతుంది కదా, పర్మిట్లు ఏమేం కావాలి?
- బోటు యజమాని, భద్రాచలం

జవాబు: మారుతుంది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు (కొన్ని పాక్షికంగా) ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. ఊరు దాటగానే ఎటపాక, అది ఆంధ్ర.

ముందు రోడ్డు సంగతి. బండికి ఉన్న ఆర్‌సీ, ఇన్సూరెన్సు ట్రైలర్‌కు సరిపోవు, దానివి దానికుండాలి. వెల్డింగ్ షాపులో చేయించి నంబరు లేకుండా తిప్పే ట్రాలీతో బయల్దేరవద్దు. లాగే సరుకు బండికి నేషనల్ పర్మిట్ లేకపోతే టెంపరరీ పర్మిట్ తీసుకోండి. బోటు కొస వెనక్కి ఎంత పొడుచుకొచ్చిందో టేపు పెట్టి చూడండి. హద్దు మీరితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20 వేల జరిమానా, పైగా సరుకు దించే ఖర్చూ మీదే. వ్యాపారానికి వాడే బోటు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు కావాలి. అమ్మకం కాదు కనుక డెలివరీ చలానా మీద తీయించుకోవచ్చు.

నాకు దిగులు పుట్టించేది మీరు అడగని సంగతి, నీళ్ల మీది కాగితాలు. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన దేశీయ నౌకల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన బోటు రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది, మళ్లీ చేయించనక్కర్లేదు. కానీ సర్వే సర్టిఫికెట్ గడువు, ఎక్కించదగిన మనుషుల సంఖ్య, సరంగు లైసెన్సు, బీమా, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా బోటు దించకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు రాయల్ వశిష్ఠ మునిగినప్పుడు అందులో ఉన్న 77 మందిలో బతికి బయటపడింది 26 మందే. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి సరదాగా వచ్చినవాళ్లూ పోయారు. ఆ తర్వాతే రేవుల దగ్గర కంట్రోల్ రూములు వచ్చాయి. వాళ్లు సరే అననిదే బోటు కదలకూడదు. భద్రాచలంలో వరద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు గానీ, బోట్లను అంతకు చాలా ముందే ఆపేస్తారు. హెచ్చరిక ఇంకా రాలేదుగా అని సరంగును తొందరపెట్టకండి. లైఫ్ జాకెట్లు సీట్ల కింద మూటగట్టి ఉంటే లేనట్టే. రేవులోనే అందరికీ తొడిగించి పట్టీలు మీ చేత్తో బిగించండి.

ప్రశ్న: సియాటిల్‌లో ఉన్న మా అబ్బాయి సొంత బోటును కారు వెనక తగిలించుకుని కెనడా వెళ్తానంటున్నాడు. ఏమైనా చిక్కులుంటాయా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కంగారు పడకండమ్మా. బోటు, ట్రైలర్ రిజిస్ట్రేషన్ కాగితాలు చేతిలో ఉండాలి. భారత పాస్‌పోర్టు అయితే హెచ్-1బీ ఉన్నా కెనడా వీసా వేరుగా తీసుకోవాలి. బ్రిటిష్ కొలంబియాలో దారిలో తనిఖీ కేంద్రం తెరిచి ఉంటే బోటుతో తప్పక ఆగాలి. పరాయి నీళ్ల ఆల్చిప్పలు తమ నీళ్లలోకి రాకూడదని వాళ్ల పట్టుదల. ఇంటి దగ్గరే బోటు కడిగి, నీళ్లు వంపి, ఆరబెట్టి బయల్దేరమనండి.

ప్రశ్న: చర్ల నుంచి కూనవరానికి చెక్క నాటు పడవ తీసుకెళ్తే ఫారెస్టు చెక్‌పోస్టులో ఆపుతారా?
- మత్స్యకారుడు, చర్ల

జవాబు: ఆపి అడగొచ్చు. కలప కొన్న బిల్లు పడవతోపాటే ఉంచుకోండి. దుంగలో, కోసిన పలకలో తీసుకెళ్లి అక్కడ పడవ కట్టించాలనుకుంటే మాత్రం అటవీ శాఖ రవాణా పర్మిట్ ముందే తీసుకోండి.