ఎరువు బస్తా – సొసైటీ ధర

తెలంగాణలోని జ్యోతినగర్‌కు దగ్గర్లోనే రామగుండం ఎరువుల కర్మాగారం (ఆర్‌ఎఫ్‌సీఎల్) ఉంది. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా దీని సామర్థ్యం. అయినా ఊళ్లో రైతుకు ఆ బస్తా ఎంతకు పడుతుందనేది ఎక్కువగా ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం (ప్యాక్స్) మీదే ఆధారపడుతుంది.

వేపపూత యూరియా 45 కిలోల బస్తా ధర రూ.266.50. సంఘం గోదాములో సరుకుంటే ప్రైవేటు డీలరు అంతకు మించి అడగలేడు, పురుగుమందు కూడా కొనాలని లింకు పెట్టలేడు. సభ్యత్వం లేని రైతుకూ ఈ మేలు దక్కుతుంది. సరుకు నిండుకున్నప్పుడే చిక్కు: తెల్లవారకముందే గోదాము ముందు చెప్పుల వరుస, చేతుల్లో పట్టాదారు పాసుపుస్తకాలు. ధర తక్కువే, కానీ పోయిన రోజు కూలి ఎవరూ లెక్కగట్టరు.

ఇలాంటి సంఘాలకు నమూనాగా ముల్కనూరు సహకార సొసైటీ (1956, వ్యవస్థాపకుడు ఎ.కె. విశ్వనాథరెడ్డి) గురించి తప్పక చదవండి. అప్పు, ఎరువు, విత్తనం, పంట అమ్మకం అన్నీ ఒకే గొడుగు కింద.

రామగుండం కర్మాగారం విషయంలో తికమక పెట్టే అంశం: 1999లో మూతపడిన పాత రామగుండం ఫెర్టిలైజర్ కార్పొరేషన్ (ఎఫ్‌సీఐ) ప్లాంటు బొగ్గు ఆధారితం; 2021లో ఉత్పత్తి మొదలైన ఆర్‌ఎఫ్‌సీఎల్ సహజవాయువు ఆధారితం.