పెండ్లి చదివింపులు – ధర్మకార్యములు

మన పెండ్లిండ్లలో వధూవరులపై అక్షతలు చల్లిన పిమ్మట జరుగునది చదివింపుల తంతు. ఒకరు పుస్తకము తెరచుకొని కూర్చుండి, ఫలానివారు నూటపదహారు రూపాయలు చదివించిరని నలుగురికి వినబడునట్లు చెప్పుదురు. ఆ పుస్తకమును ఇంటివారు భద్రముగ దాచుకొందురు. ఏలయనగా, ఇచ్చినవారి యింట పెండ్లి జరిగినపుడు అంతకు తగ్గకుండ మరల చదివింపవలయును. కావున ఇది పేరునకు కానుక, నడతలో చేబదులు.

ఈ పద్ధతిలో మంచి లేకపోలేదు. పిల్ల పెండ్లి తలపెట్టిన పేదరైతునకు ఊరివారు తలకొంత చదివించినచో వడ్డీలేని సాయము దొరకును. అదియు నొక సహకారమే. దానిని మాన్పింపుమని మేము చెప్పుట లేదు. కాని కలిగినవారి యింటను ఇదే ఆచారము సాగుచున్నది. అక్కరలేనివాడు పుచ్చుకొనుచున్నాడు, అక్కరగలవాడు అప్పుచేసి ఇచ్చుచున్నాడు.

కాలమును గూడ గమనింపుడు. వైశాఖ జ్యేష్ఠములందు ముహూర్తములు దట్టముగ నుండును. ఏరువాక పున్నమియు జ్యేష్ఠములోనిదే. విత్తనమునకును ఎరువునకును ఉంచుకొనవలసిన రూపాయలు పెండ్లిపందిళ్లలో చెల్లిపోవును. మేమెరిగిన యొక కౌలురైతు ఒక్క నెలలో ఏడు పెండ్లిండ్లకు చదివించి, తొలకరి పడినపుడు విత్తనములు అరువు తెచ్చుకొనెను. అరువిచ్చిన వర్తకుడే పంటను తక్కువ ధరకు కొనెను. ఆ యేటి నష్టము ఏ చదివింపుల పుస్తకములోను వ్రాయబడలేదు.

కొందరిప్పుడు శుభలేఖలోనే "కానుకలు వలదు, ఇవ్వదలచినచో ధర్మకార్యమున కిండు" అని వేయించుచున్నారు. ఇది మెచ్చదగిన పని. అయినను ఆ మాట యొక్కటియే చాలదు. పిలువబడినవాడు, "నా పెండ్లికి వారు చదివించిరి, నేను చదివింపకున్న బాకీపడుదును గదా!" యని తలచి, ధర్మమునకు కొంత, ఇంటివారికి కొంత ఇచ్చును. భారము రెండింతలగును. కావున ఈ క్రింది సంగతులు పాటింపవలయును.

1. పెండ్లివారు తమ పాత పుస్తకమును తీసి, తమకు రావలసిన చదివింపులన్నిటికి ఎదుట "చెల్లు" అని వ్రాసి, ఆ మాట పిలుపులనాడే చెప్పవలయును. పుచ్చుకొన్న చదివింపులను మాత్రము మరువరాదు, అవి తీర్చవలసినవే.

2. ఎవరెంత యిచ్చిరో చదువరాదు. మేము చదువుకొన్న మిషను పాఠశాలలో కోతపండుగనాడు ఒకరు బస్తా ధాన్యమును, ఒకరు పిడికెడు బియ్యమును తెచ్చెడివారు. అన్నియు ఒకే రాశిలో కలిసెడివి. పేరు పిలిచినచో పిడికెడువాడు రాకపోయెడివాడు.

3. కార్యము ఒక్కటిగా, దగ్గరదిగా, కంటికి కనబడునదిగా నుండవలయును. 200 ఇండ్లవారు 116 రూపాయల చొప్పున ఇచ్చినచో 23,200 రూపాయలగును. ఊరిబడికి పుస్తకములు కొనవచ్చును. పేదరైతులకు ఏరువాకకు ముందే విత్తన మీయవచ్చును. నాటు వరికి ఎకరమునకు సుమారు 25 కిలోలు చాలును గనుక, క్వింటాలు విత్తనము నాలుగెకరములకు సరిపోవును. సొమ్మునకు రసీదు ఇచ్చి, ఖర్చును సంఘ సమావేశములో చదువవలయును.

4. అప్పుచేసి ధర్మము చేయరాదు. 1912 నాటి సహకార సంఘముల చట్టము, నికరలాభములో ముందు నాల్గవవంతు నిలువనిధికి చేర్చి, మిగిలినదానిలో పదియవవంతునకు మించకుండ రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యముల కీయవచ్చునని విధించెను. సంఘమునకు తగిన ఆ జాగ్రత్త సంసారమునకును తగినదే.

5. కట్నము పుచ్చుకొని చదివింపులను దానము చేయుట దానము కాదు. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 చట్టముచే నేరములు. ఒక తండ్రి పొలము అమ్మించి, అతిథుల రూపాయలతో పేరు తెచ్చుకొనుట తగదు.

తిరిగి వచ్చునని ఇచ్చునది బదులు. తిరిగి ఈయలేనివాని కిచ్చునది దానము. రెండును ఊరికి కావలసినవే. ఒకదానిని మరొకటిగా ఎంచకుండుటయే మనము నేర్వవలసినది.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు: (1) నిరుడు మీరు చదివించిన సొమ్మెంత? అందులో అప్పెంత? (2) మీ పుస్తకములో "చెల్లు" వ్రాయదగిన పేర్లెన్ని? (3) మన యూరిలో ఈ ఏరువాకకు విత్తనము లేనివా రెవరు?