న్యూయార్క్ రాక్ రేడియో నేర్పిన ఆరు పాఠాలు

ఆకాశవాణి విజయవాడ కేంద్రం వింటూ పెరిగి, డెబ్బైల్లో న్యూయార్క్ చేరిన తెలుగు డాక్టర్లలో నేనొకణ్ణి. రాత్రి డ్యూటీల్లో నాకు ఆ ఊరిని దగ్గర చేసింది 102.7 మీద వచ్చే డబ్ల్యూఎన్ఈడబ్ల్యూ-ఎఫ్ఎం. నేడు ఆర్జేలుగా, పాడ్‌కాస్టర్లుగా మైకు ముందు కూర్చుంటున్న మన పిల్లల కోసం, అక్కడి డీజేలను విని తెలుసుకున్నవి రాస్తున్నాను.

1. ఖాళీ దొరికితే కొత్తదానికి వాడండి. 1960ల నడుమ దాకా అక్కడి ఎఫ్ఎం స్టేషన్లలో చాలావాటిలో ఏఎంలో వచ్చేదే మళ్లీ వచ్చేది. పెద్ద నగరాల్లో రోజంతా అలా చేయకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. గంటలకు గంటలు ఖాళీ అయ్యాయి. ఏఎంలో మూడు నిమిషాల హిట్లదే రాజ్యం కాగా, ఎఫ్ఎంలో ఎల్పీ ఒక వైపంతా వేసే వీలు చిక్కింది. 1966లో డబ్ల్యూఓఆర్-ఎఫ్ఎం, 1967లో డబ్ల్యూఎన్ఈడబ్ల్యూ-ఎఫ్ఎం ఆ దారి పట్టాయి. ఇప్పుడు క్లాసిక్ రాక్ అంటున్న పాటలెన్నో ఆ గంటల్లోనే ఊరికి పరిచయమయ్యాయి.

2. ఎవరికీ అక్కర్లేని వేళను చిన్నచూపు చూడకండి. అలిసన్ స్టీల్ 1966లో, అందరూ మహిళలే డీజేలుగా డబ్ల్యూఎన్ఈడబ్ల్యూ-ఎఫ్ఎం చేసిన ప్రయోగంలో చేరారు. ప్రయోగం ఆగిపోయింది, ఆవిడ నిలిచారు. అర్ధరాత్రి షిఫ్టు తీసుకుని 'నైట్‌బర్డ్' అన్న పేరుతో, వేణునాదం మీద కవిత చదివి కార్యక్రమం మొదలుపెట్టేవారు. మేలుకుని పనిచేసే నర్సులు, టాక్సీవాళ్లు, విద్యార్థులు ఆవిడ శ్రోతలు. 1976లో బిల్‌బోర్డ్ పత్రిక ఎఫ్ఎం డీజేలకిచ్చే ఆ ఏటి మేటి పురస్కారం అందుకున్న తొలి మహిళ ఆవిడే.

3. ఏ పాట పక్కన ఏ పాట వేయాలో తెలియడమే అసలు విద్య. అదే స్టేషన్ డీజే పీట్ ఫోర్నటేల్ ఒక విషయం తీసుకుని, దాని చుట్టూ జానపదం, రాక్, కొత్తది, పాతది కలిపి వరస కట్టేవారు. ఒక పాట ముగిసిన తీరు తర్వాతి పాటకు అర్థం చెప్పేది. ఇది లైబ్రరీలో రికార్డులన్నీ విన్నవాడికే చేతనవుతుంది. మైకులో పది నిమిషాలు మాట్లాడాలంటే ముందు ఏళ్ల తరబడి వినాలి.

4. అతిథి వస్తే పక్కకు జరగండి. 1974 సెప్టెంబర్ 28న గాయకుడు జాన్ లెనన్ ఆ స్టేషన్ స్టూడియోకు వచ్చారు. డీజే డెనిస్ ఎల్సస్ ఆయన్ను ప్రశ్నలతో కట్టేయకుండా కుర్చీ ఇచ్చారు. లెనన్ తనకిష్టమైన పాత రికార్డులు వేసి, వాతావరణ సూచనలూ ప్రకటనలూ కూడా తనే చదివారు. యాభై ఏళ్లు దాటినా ఆ మధ్యాహ్నాన్ని రేడియో అభిమానులు తలుచుకుంటూనే ఉన్నారు.

5. ఊరికి దుఃఖం వస్తే ఊరితో ఉండండి. 1980 డిసెంబర్ 8 రాత్రి లెనన్ హత్య వార్త చెప్పాల్సిన పని అదే స్టేషన్ డీజే విన్ సెల్సా మీద పడింది. పాట ఆపి వార్త చెప్పారు, ఫోన్ చేసినవాళ్లను మాట్లాడనిచ్చారు. ఏడుస్తున్న గొంతులు ఒకదాన్నొకటి ఓదార్చాయి. రికార్డు చేసి పెట్టిన కార్యక్రమానికి ఈ పని చేతకాదు. ఆ వేళకు అక్కడ మనిషి ఉండాలి.

6. ఎంపికను చేజార్చుకోవద్దు. తర్వాత సర్వేలు, సలహాదారులు వచ్చి ఏ పాట ఎన్నిసార్లు వేయాలో జాబితాలు రాశారు. 1996 నాటి టెలికం చట్టం ఒక కంపెనీకి ఎన్ని స్టేషన్లుండవచ్చన్న దేశవ్యాప్త పరిమితి ఎత్తేయడంతో కొన్ని కంపెనీల చేతికే వందల స్టేషన్లు వెళ్లాయి. 1999లో డబ్ల్యూఎన్ఈడబ్ల్యూ-ఎఫ్ఎం రాక్ మానేసి మాటల కార్యక్రమాలకు మారింది. అక్కడ మూడు దశాబ్దాలు పనిచేసిన గంభీర స్వరం స్కాట్ మ్యూనీ, క్యూ104.3 స్టేషన్‌కి మారి అక్కడా శ్రోతల్ని పలకరించారు. 2004లో కన్నుమూశారు.

జాబితా తయారుచేసే పని ఇప్పుడు కంప్యూటర్‌ది. మీ సంస్థ ఏ జాబితా ఇచ్చినా, రోజుకొక్క పాటైనా మీరే ఎంచండి. ఎందుకు ఎంచారో రెండు ముక్కల్లో శ్రోతకు చెప్పండి. మీ కోసం రేడియో పెట్టేవాళ్లు ఆ పాటకే వస్తారు.