సూది కన్నా ముందు మన మాట

సింధనూరు క్యాంపుల్లోనైనా, రాయచూరు పట్నంలోనైనా, అల్లరి చేసే పిల్లల్ని దారికి తెచ్చే మాట ఒకటుంది: "ఆగు, డాక్టరుతో సూది వేయిస్తా!" ఏళ్ల తరబడి సూదిని శిక్షగా విన్న బిడ్డ, మత్తు సూది వేసి పుచ్చిపన్ను పీకించే రోజున నోరెలా తెరుస్తాడు? అందుకే ముందుగా ఆ బెదిరింపు మానండి.

"అస్సలు నొప్పి ఉండదురా" అనీ అనకండి. చిగురులో చురుక్కుమన్న క్షణానే మీ మాట అబద్ధమని వాడికి తెలిసిపోతుంది. ఆ తర్వాత డాక్టరునూ నమ్మడు, మిమ్మల్నీ నమ్మడు. ఉన్నదే చెప్పండి: "ముందు మందు రాస్తారు. కాసేపటికి చీమ కుట్టినట్టు ఉంటుంది. ఆ తర్వాత పెదవి లావైనట్టనిపిస్తుంది, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది."

సూది గుచ్చుకోవడం కన్నా, మందు గబగబా లోపలికి తోసేయడం వల్లే ఎక్కువ బాధ కలుగుతుంది. అందుకే ఓపికున్న డాక్టరు చిగురును దూదితో తుడిచి, మత్తు జెల్ రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగుతారు. ఆ తర్వాత బుగ్గను మెల్లగా ఊపుతూ, చుక్కచుక్కగా మందు ఎక్కిస్తారు. బుగ్గ ఊపడానికీ కారణముంది. స్పర్శ సంకేతాలు నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని మెల్‌జాక్, వాల్ అనే పరిశోధకులు 1965లోనే వివరించారు. అంగిలి దగ్గర కండ బిగువుగా ఉంటుంది కాబట్టి అక్కడ నొప్పి కాస్త ఎక్కువే. "జెల్ రాసి కాసేపు ఆగుతారా?" అని అడగడానికి మొహమాటపడకండి. బిడ్డ బరువెంతో కూడా చెప్పండి, మత్తుమందు మోతాదు దాన్నిబట్టే ఉంటుంది.

రాయచూరులో ఏఎంఈ, నవోదయ దంత వైద్య కళాశాలలున్నాయి. పిల్లల దంతవైద్యులు దొరికితే వాళ్ల దగ్గరికే తీసుకెళ్లడం మంచిది. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొచ్చాక కోస్తాంధ్ర నుంచి వచ్చి ఈ క్యాంపుల్లో స్థిరపడిన కుటుంబాల్లో చాలామంది పిల్లలకు ఇంటి భాష తెలుగే. డాక్టరు కన్నడంలో మాట్లాడుతుంటే, బిడ్డకు అర్థమయ్యే మాటల్లో మీరు పక్కనుండి చెప్పండి. బాధ అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తమని, ఎత్తగానే డాక్టరు ఆగుతారని ముందే ఒప్పందం చేయించండి. తన చేతిలో ఒక పట్టు ఉందని తెలిస్తే చాలామంది పిల్లలు చెయ్యి ఎత్తకుండానే ఓర్చుకుంటారు.

కుర్చీ పక్కన మీరూ కంగారు పడకండి. "అయ్యో నా తల్లీ" అని మీరు కన్నీళ్లు పెట్టుకుంటే, పెద్ద గండమేదో వచ్చిపడిందనుకుంటుంది పాప. చెయ్యి పట్టుకుని, మెల్లగా ఊపిరి వదలమనండి చాలు. పొద్దున్నే, కడుపు నిండా తిన్నాక తీసుకెళ్లడం మేలు. పూర్తి మత్తు ఇస్తారంటే మాత్రం ఉపవాసం సంగతి డాక్టరునే అడగండి.

అసలు జాగ్రత్త ఇంటికొచ్చాకే. రెండు మూడు గంటలు పెదవికి స్పర్శ ఉండదు, పిల్లలు వింతగా ఉందని దాన్ని నమిలేస్తారు. మర్నాటికి పెదవి వాచి తెల్లగా పుండవుతుంది. చీము పట్టిందని తల్లులు హడలిపోయి, మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసేస్తుంటారు. ఆ కొరుకుడు పుండుకు సాధారణంగా అది అక్కర్లేదు, శుభ్రంగా ఉంచితే కొద్ది రోజుల్లో మానుతుంది. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి. మొద్దుబారిన ఆ కొద్ది గంటలు మాత్రం నమిలే తిండి పెట్టకండి, పిల్లవాడి నోటి మీద ఒక కన్నేసి ఉంచండి.