చేతికి తగిన మౌస్

పనిముట్టును వాడటం ఒక విద్య అయితే, తగినదానిని ఎంచుకోవడం మరొక విద్య. తాటాకులపై గ్రంథాలు వెలసిన రోజుల్లో లేఖకుడి చేతిలో ఇనుప ఘంటం ఉండేది. పట్టు కుదరని ఘంటంతో దినమంతా రాయవలసివస్తే అక్షరమూ చెడుతుంది, వేళ్లూ నొచ్చుతాయి. ఈనాటి విద్యార్థి చేతిలో ఘంటం స్థానాన్ని మౌస్ ఆక్రమించింది. వ్యాసం రాసినా, బొమ్మ గీసినా, ఆట ఆడినా చేయి దానిమీదనే ఉంటుంది.

ఆటల కోసం ప్రత్యేకంగా రూపొందించిన వైర్‌లెస్ మౌస్‌లు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. మామూలు మౌస్‌కు ఉండే రెండు మీటలు, నడుమ చక్రమే కాక, మనకు నచ్చిన పనిని అప్పగించుకోగల అదనపు మీటలు వీటికి ఉంటాయి. కొన్నింటి వెల పదిహేను వేల రూపాయలు దాటిపోతుంది. అంత సొమ్ము వెచ్చించేవాడు దేనిని చూసి కొనాలి?

మా కళాశాలలో ద్వితీయ సంవత్సరం చదివిన ఒక విద్యార్థి వేసవి సెలవుల్లో దుకాణంలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో బొటనవేలి వైపు పన్నెండు మీటలున్న మౌస్ కొన్నాడు. పది రోజులకే అతని ముఖంలో ఉత్సాహం తగ్గింది. అతనిది చిన్న చేయి. ముందువరుస మీటలను బొటనవేలు అందుకోవాలంటే అరచేయి మౌస్‌పై నుంచి లేవవలసివస్తోంది. ఒకటి నొక్కబోతే దాని పక్కది నొక్కుకుపోతోంది. రాత్రి చాలాసేపు ఆడిన మరునాడు మణికట్టు నొప్పితో కలం పట్టలేకపోయాడు. “దీనికి ఇరవై వేల డీపీఐ ఉంది సార్” అన్నాడు దిగులుగా. “అది సరే, నీ బొటనవేలు పొడవెంత నాయనా?” అని అడిగాను. అట్టపెట్టె మీద ఉన్న అంకెలన్నీ అతనికి కంఠస్థమే. ఆ ఒక్క అంకె మాత్రం తెలియదు.

చేతికీ మౌస్‌కూ గల ఈ సంబంధం దాని పుట్టుకలోనే ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించిన ఈ పరికరాన్ని ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ 1964లో నిర్మించాడు. అది ఒక చెక్క డొల్ల. అడుగున ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన రెండు చక్రాలు, పైన ఒకే ఒక మీట ఉండేవి. తీగ తోకలా ఉన్నందువల్ల దానికి ఎలుక పేరు వచ్చింది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ నిండుసభ ముందు ప్రదర్శించిన మౌస్‌కు మూడు మీటలున్నాయి. ఆనాడు ఆయన ఎడమచేతి కింద మరొక పరికరం కూడా ఉంది. అయిదు మీటల చిన్న పలక అది. ఆ అయిదింటిని విడివిడిగానూ, కలిపికలిపి నొక్కుతూనూ ముప్పయ్యొక్క సంకేతాలను పంపవచ్చు. లెక్కకు ఎంతో గొప్పది. కానీ ఆ సంకేతాలన్నింటినీ కంఠస్థం చేయవలసిరావడంతో జనం దాని జోలికి పోలేదు. సులభంగా చేతికి ఒదిగిన మౌస్ లోకమంతా వ్యాపించింది. 1983లో ఆపిల్ సంస్థ లీసా కంప్యూటరుతో ఇచ్చిన మౌస్‌కు ఒకే మీట ఉండేది. అదనపు మీటల కోసం ఉబలాటపడేవారు ఆ అయిదు మీటల పలకను ఒకసారి తలచుకోవాలి.

కనుక ముందుగా చేతిని కొలుచుకోవాలి. మణికట్టు మడత నుంచి నడిమివేలి కొన వరకు స్కేలు పెట్టి చూస్తే చాలు. సుమారు 17 సెంటీమీటర్లకు లోపైతే చిన్నచేయి అనీ, 20కి మించితే పెద్దచేయి అనీ స్థూలంగా అనుకోవచ్చు. తరువాత గమనించవలసింది పట్టు. కొందరు అరచేతిని పూర్తిగా మౌస్‌పై ఆనిస్తారు. కొందరు వేళ్లను పిల్లి పంజాలా వంచి పట్టుకుంటారు. మరికొందరి అరచేయి అసలు తగలదు, వేలికొనలతోనే కదుపుతారు. మొదటి రకం వారికి వీపు ఎత్తుగా, పొడవుగా ఉన్న మౌస్ సుఖం. చివరి రకం వారికి పొట్టిదీ, తేలికైనదీ కావాలి. లాజిటెక్ సంస్థ మౌస్‌లలో జీ 304 పొడవు దాదాపు 117 మిల్లీమీటర్లు. 2019లో వచ్చిన జీ 502 లైట్‌స్పీడ్ పొడవు 132 మిల్లీమీటర్లు. తేడా ఒకటిన్నర సెంటీమీటరే కదా అనిపిస్తుంది గానీ, బొటనవేలు మీటను చేరడానికీ చేరకపోవడానికీ అంతకన్న తక్కువ తేడా చాలు.

బరువు సంగతి కూడా ఇలాంటిదే. ఆ రెండింటిలో మొదటిది బ్యాటరీతో కలిపి 99 గ్రాములు, రెండవది 114 గ్రాములు. రేజర్ సంస్థ 2022లో తెచ్చిన వైపర్ వీ2 ప్రో 58 గ్రాములే. గురిచూసి కాల్చే ఆటల్లో మౌస్‌ను క్షణక్షణమూ ఎత్తి, జరిపి, మళ్లీ దింపుతుంటారు. అక్కడ తేలిక ఉపకరిస్తుంది. అయితే ఆ తేలిక కోసం మీటలను తగ్గించుకోవలసివస్తుంది. మీట పెరిగితే దాని యంత్రాంగమూ బరువూ పెరుగుతాయి. రెండూ కావాలనేవాడికి రెండూ పూర్తిగా దక్కవు.

ఎడమచేతివాటం వారికి ఈ అంగడిలో అన్యాయమే జరుగుతోందని చెప్పక తప్పదు. అదనపు మీటలున్న మౌస్‌లలో అధికభాగం కుడిచేతి ఒంపుతోనే తయారవుతాయి. రేజర్ సంస్థ 2020లో ఎడమచేతివారి కోసం ప్రకటించిన నాగా మౌస్‌కు తీగ ఉంది. ఇటూ అటూ సమానమైన ఆకృతి గల మౌస్‌లు కొన్ని ఉన్నా, బొటనవేలి మీటలు రెండు పక్కలా ఉన్నాయో లేదో చూసి మరీ తీసుకోవాలి.

ఇక తీగ లేకపోవడం గురించి. వైర్‌లెస్ మౌస్ ఆటకు పనికిరాదన్న మాట ఒకప్పుడు నిజం. ఇప్పుడు కాదు. అయితే తీగ లేనివన్నీ ఒకటి కావు. వీటిలో రెండు మార్గాలున్నాయి. ఒకటి మౌస్‌తో పాటు వచ్చే చిన్న రిసీవరును కంప్యూటరుకు తగిలించి 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలతో నడపడం. రెండవది కంప్యూటరులో ముందే ఉన్న బ్లూటూత్‌ను వాడటం. ఆటల కోసం చేసిన రిసీవరు మార్గంలో మౌస్ తన స్థితిని క్షణానికి వెయ్యిసార్లు, అంటే సెకనులో వెయ్యోవంతుకు ఒకసారి తెలియజేస్తుంది. బ్లూటూత్‌లో ఈ వేగం చాలా తక్కువ. వ్యాసరచనకు అది చాలు, వేగంగా సాగే ఆటకు చాలదు. కొన్ని మౌస్‌లలో ఈ రెండు మార్గాలూ ఉంటాయి. కళాశాలకు తీసుకువెళ్లే ల్యాప్‌టాప్‌కు బ్లూటూత్, ఇంట్లో ఆటకు రిసీవరు వాడుకోవచ్చు.

రిసీవరును ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, మౌస్ తడబడుతున్నదని కోప్పడే సందర్భాల్లో చాలావాటికి కారణం అదే. 2.4 గిగాహెర్ట్‌జ్ అంటే వైఫై, బ్లూటూత్ కూడా తిరిగే బాట. పైగా యూఎస్‌బీ 3 పరికరాలు పనిచేసేటప్పుడు ఆ తరంగాలకు అడ్డు తగిలే అలజడి పుడుతుందని ఇంటెల్ సంస్థ 2012లో ప్రకటించిన పత్రంలో వివరించింది. కంప్యూటరు వెనుక, బయటి హార్డ్‌డిస్కు పక్కనే రిసీవరును గుచ్చి, బల్లకింది నుంచి సంకేతం చక్కగా అందాలని ఆశించడం న్యాయం కాదు. పెట్టెలో పొడిగింపు తీగ ఉంటే దానికి రిసీవరును తగిలించి మౌస్‌కు ఒక జానెడు దూరంలో ఉంచండి. కొత్త మౌస్ కొనే ఖర్చు తప్పినా తప్పవచ్చు.

ఇప్పుడు మా విద్యార్థి గర్వంగా చెప్పిన ఆ ఇరవై వేల అంకె దగ్గరకు వద్దాం. డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం కదిలినప్పుడు అది కంప్యూటరుకు పంపే కదలిక లెక్క. తెర వెడల్పు 1920 చుక్కలు అనుకుందాం. మౌస్‌ను 800 డీపీఐలో ఉంచి, ఒక లెక్కకు ఒక చుక్క చొప్పున కదిలేలా పెడితే, తెరను ఒక కొస నుంచి రెండో కొసకు దాటడానికి మౌస్ 2.4 అంగుళాలు జరగాలి. అదే 20,000లో అయితే రెండున్నర మిల్లీమీటర్లకు లోపే. అంటే నువ్వుగింజంత కదలికకు బాణం గుర్తు తెర దాటిపోతుంది! అంత సూక్ష్మంగా ఏ చేయి ఆగగలదు? పోటీల్లో ఆరితేరిన కాల్పుల ఆటగాళ్లు అధికంగా 400 నుంచి 1600 మధ్యనే వాడతారు. ఈనాడు అయిదారు పేరున్న సంస్థలు చేసే సెన్సర్లన్నీ మనకు కావలసినదానికి మించి పనిచేస్తాయి. డీపీఐ చూసి మౌస్ కొనడం, వేగసూచికలోని చివరి అంకె చూసి స్కూటరు కొనడం వంటిది.

సెకనుకు ఎనిమిదివేల సార్లు స్థితిని తెలిపే మౌస్‌ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మామూలు తెర సెకనుకు 60 చిత్రాలు చూపుతుంది. అంటే ఒక చిత్రానికీ మరొక చిత్రానికీ మధ్య పదహారు మిల్లీసెకన్లకు పైగా వ్యవధి. వెయ్యిసార్ల వేగమే ఇక్కడ మిగులు. ఎనిమిదివేలకు పెంచితే బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది, కంప్యూటరుకు పని పెరుగుతుంది.

ఆటల మౌస్‌లో నాకు అన్నింటికన్న ఆసక్తి కలిగించినవి అదనపు మీటలు. వీటికి పని అప్పగించడంలో మూడు అంతస్తులున్నాయి. ఒక మీటకు కీబోర్డులోని ఒక మీట పనిని ఇవ్వడం మొదటిది. ఉదాహరణకు బొటనవేలి కింద ఒకటి నకలుకు, మరొకటి అతికింపుకు పెట్టుకోవచ్చు. రాతప్రతుల పాఠాలను సరిపోల్చే పనిలో నాకు ఈ రెండు మీటలు చేసిన మేలు ఇంతా అంతా కాదు. రెండవది, ఒక మీటను నొక్కి ఉంచినంతసేపు మిగిలిన మీటలు వేరే పనులు చేసేలా అమర్చడం. ‘క’ అనే అక్షరానికి గుణింతపు గుర్తు చేరగానే ‘కి’, ‘కు’, ‘కె’ అయినట్లు, ఆరు మీటలు పదింటి పని చేస్తాయి. పన్నెండు మీటల బరువు మోయకుండా పని గడుపుకొనే ఉపాయమిది. మూడవది మాక్రో. వరుసగా నొక్కవలసిన మీటలను, వాటి మధ్య వ్యవధితో సహా ముందే నమోదుచేసి, ఒక్క నొక్కుతో జరిపించడం. వేళ్లు చురుకుగా కదలనివారికి, ఒకేసారి రెండు మూడు మీటలు నొక్కలేనివారికి ఈ సౌకర్యం విలాసం కాదు, కంప్యూటరును స్వతంత్రంగా వాడుకొనే దారి.

అయితే పోటీ ఆటలో మాక్రో కథ వేరు. చేతి నేర్పుతో చేయవలసిన పనిని యంత్రం చేస్తే అది ఆట ఎలా అవుతుంది? కౌంటర్ స్ట్రైక్ 2 ఆటను నిర్వహించే వాల్వ్ సంస్థ 2024 ఆగస్టులో తన అధికారిక సర్వర్లలో ఇలాంటి స్వయంచాలక నొక్కుళ్లను నిషేధించింది. ఒక్క మీటతో అనేక చర్యలు జరిపించినట్లు తేలితే ఆటగాణ్ని ఆటనుంచి తొలగిస్తుంది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఎలక్ట్రానిక్ క్రీడలకు పతకాలు ఇచ్చారు. పతకాలున్న చోట నియమాలూ ఉంటాయి. మాక్రో పెట్టుకొనే ముందు మీరు ఆడే ఆట నియమావళి చదవండి. డబ్బుపెట్టి కొన్న మౌస్ వల్లనే ఖాతా పోగొట్టుకోవడం విషాదం.

ఇక మీటల సంఖ్య. రేజర్ సంస్థ 2020లో తెచ్చిన నాగా ప్రోకు పక్కపలకలు మార్చుకొనే వీలుంది. రెండు, ఆరు, పన్నెండు మీటలలో ఏదైనా బిగించుకోవచ్చు. ఎలుకకు పాము పేరు పెట్టిన ఆ చమత్కారాన్ని అలా ఉంచితే, ఆలోచన మంచిదే. పదుల కొద్దీ మంత్రాలు, ఆయుధాలు ఉండే పాత్రపోషణ ఆటలకు పన్నెండు మీటలు పనికివస్తాయి. కాల్పుల ఆటకు బొటనవేలి కింద రెండు చాలు. చదువుకూ ఆటకూ ఒకే మౌస్ కావాలనుకొనే విద్యార్థికి మొత్తం ఆరు మీటలు సరిపోతాయని నా అభిప్రాయం. చరవాణి మీద మాత్రమే ఆడేవారికి ఈ ఖర్చే అనవసరం.

మీటలకు అప్పగించిన పనులు ఎక్కడ నిలిచి ఉంటాయో కూడా విచారించాలి. కొన్ని మౌస్‌లు వాటిని తమలోపలి జ్ఞాపకంలోనే దాచుకుంటాయి. కొన్నింటికి కంప్యూటరులో సంస్థవారి సాఫ్ట్‌వేరు నడుస్తూ ఉండాలి. కళాశాల ప్రయోగశాలలో ఆ సాఫ్ట్‌వేరును ఎవరూ వేయనివ్వరు. అక్కడ రెండో రకం మౌస్ తన విద్యలన్నీ మరచిపోతుంది.

జీ 304 ఒక ఏఏ సెల్లుతో 250 గంటలు పనిచేస్తుందని సంస్థ చెబుతుంది. సెల్లు అయిపోతే ఏ కిరాణా దుకాణంలోనైనా దొరుకుతుంది. లోపల బిగించిన లిథియం బ్యాటరీకి ఛార్జింగు సుఖం ఉంది గానీ, కొన్నేళ్లకు దాని సత్తువ తగ్గక మానదు. మార్చడమూ సులభం కాదు. మరొక చిక్కు, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం. మీట కింది స్విచ్చులోని రాగిరేకు అరిగినప్పుడు వచ్చే జబ్బు ఇది. వారంటీ ఎన్నేళ్లో అడిగి, బిల్లు భద్రపరచుకోండి.

వీలైతే సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోటికి వెళ్లి, నమూనా మౌస్‌ను చేత పట్టుకొని చూడండి. అయిదు నిమిషాలు కదపండి. కళ్లు మూసుకొని ప్రతి మీటనూ బొటనవేలితో వెతకండి. చేయి లేవకుండా అన్నీ అందితే అది మీది.

ఆ విద్యార్థి తన పన్నెండు మీటల మౌస్‌ను పెద్దచేయి గల బాబాయి కొడుక్కి సగం ధరకు ఇచ్చివేసి, ఆరు మీటల చిన్న మౌస్ తెచ్చుకున్నాడు. మణికట్టు నొప్పి మళ్లీ రాలేదన్నాడు. బొటనవేలి కింది రెండింటిలో ఒకదానికి నకలు, మరొకదానికి అతికింపు పెట్టుకున్నాడు. చక్రం వెనుక ఉన్న ఆరవ మీటకు ఏ పని చెప్పాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదట.