ఒకే కొలబద్ద, ఎన్నో ఆటలు
(ఫిలిప్పీన్స్ వార్షిక క్రీడా పురస్కారంపై ఒక పరిశీలన)

ధాన్యం కొలవడానికి కుంచం ఉంది. పొలం కొలవడానికి గొలుసు ఉంది. దేన్ని దేనితో కొలవాలో మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మరి బరువులెత్తే అమ్మాయినీ, గడకర్ర ఊతంతో ఎగిరే అబ్బాయినీ, నేలమీద పల్టీలు కొట్టే జిమ్నాస్టునూ ఒక వరసలో నిలబెట్టి "వీళ్లలో ఎవరు గొప్ప?" అని అడిగితే ఏ కొలబద్ద తేవాలి? ఫిలిప్పీన్స్ దేశపు క్రీడా విలేఖరులు ఏటేటా ఈ చిక్కుప్రశ్నకే జవాబు చెబుతున్నారు.

వారి సంస్థ పేరు ఫిలిప్పీన్ స్పోర్ట్స్ రైటర్స్ అసోసియేషన్. 1949లో ఏర్పడింది. గడిచిన సంవత్సరంలో దేశానికి పేరు తెచ్చిన వారిని సభ చేసి సత్కరిస్తుంది. అందులో పెద్ద గౌరవం 'ఆ సంవత్సరపు క్రీడాకారుడు' అన్న బిరుదు. మన దేశంలో 1961లో మొదలైన అర్జున పురస్కారం గాని, 1991-92లో వచ్చిన ఖేల్ రత్న గాని ప్రభుత్వం ఇచ్చేవి. అక్కడ ఈ బిరుదు ఇచ్చేది పత్రికలవాళ్లు. ఇందులో ఒక న్యాయం ఉంది గదా! గెలిచిన రోజున అందరూ వస్తారు. ఓడిన రోజున కూడా మైదానం అంచున కూర్చుని రాసుకునేవాడు విలేఖరి.

ఫిలిప్పీన్స్ మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్లింది 1924లో, పారిస్‌కు. 1928లో ఈతగాడు తెయోఫిలో ఇల్దెఫోన్సో కాంస్యం తెచ్చాడు. 1964లో ఆంథొనీ విల్లనువేవా, 1996లో మాన్సువేతో వెలాస్కో బాక్సింగులో రజతాలు తెచ్చారు. బంగారం మాత్రం రాలేదు. అది 2021 జులై 26న టోక్యోలో వచ్చింది. అంటే 97 ఏళ్ల నిరీక్షణ! తెచ్చింది హిడిలిన్ డియాజ్. జంబోవాంగా నగరంలో మూడు చక్రాల బండి తోలిన తండ్రికి పుట్టిన బిడ్డ. కరోనా కాలంలో మలేషియాలో చిక్కుపడి, వెదురుబొంగుకు నీళ్ల డబ్బాలు కట్టి సాధన చేసింది. 55 కిలోల విభాగంలో స్నాచ్‌లో 97, క్లీన్ అండ్ జెర్క్‌లో 127, మొత్తం 224 కిలోలు ఎత్తింది. రెండో స్థానంలో నిలిచిన చైనా అమ్మాయి ఎత్తింది 223. ఆ సంవత్సరపు బిరుదు డియాజ్‌దే అయింది.

ఇప్పుడు మన భౌతికశాస్త్రం పుస్తకం తెరుద్దాం. 127 కిలోల మీద భూమి లాగే బలం 127 × 9.8, అంటే సుమారు 1245 న్యూటన్లు. దాన్ని ఒకటిన్నర మీటరు లేపారనుకుంటే జరిగిన పని సుమారు 1870 జౌళ్లు. బస్తా 75 కిలోల లెక్కన చూస్తే ఒకటిన్నర బస్తాకు పైమాటే, అదీ తలపైకి!

ఇక 2023లో ఈ బిరుదు పొందిన ఇ.జె. ఒబియేనాను చూద్దాం. ఆ ఏడు ఆరు మీటర్లు దాటి, ఆసియాలో ఆ ఎత్తు దాటిన మొదటివాడయ్యాడు. గడకర్ర పట్టుకుని సెకనుకు 9.5 మీటర్ల వేగంతో పరుగెత్తేవాడి గతిజశక్తి అంతా స్థితిజశక్తిగా మారిందనుకోండి. వేగం వర్గాన్ని 19.6తో భాగిస్తే 4.6 మీటర్లు. నిలబడ్డ మనిషి గరిమనాభి అప్పటికే సుమారు ఒక మీటరు ఎత్తున ఉంటుంది. రెండూ కలిపితే 5.6. మిగతా ఎత్తు గాలిలో ఉండగానే భుజాలతో, నడుముతో సంపాదించుకోవాలి.

2024లో బిరుదు పొందిన కార్లోస్ యూలో సంగతి వేరు. పారిస్‌లో ఫ్లోర్, వాల్ట్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. అక్కడ బరువూ లేదు, దాటాల్సిన కర్రా లేదు. న్యాయనిర్ణేతలు వేసే మార్కులే ఉన్నాయి.

కాబట్టి జౌళ్లతో గొప్పతనం తేలదు. జౌళ్లే ప్రమాణమైతే ప్రతి ఏడూ బిరుదు మా ఇంటి ఎద్దుల జతకే ఇవ్వాలి! పతకమే ప్రమాణమందామా? ఆ ఒక్క కిలో తగ్గి ఉంటే డియాజ్ సాధన తక్కువదయ్యేదా? మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. అక్కడ బంగారం తూకం 242.5 కిలోలు. ఆ రెండున్నర కిలోల తేడాతో ఆమె మనకు చిన్నదైందా? లేదు. 2018 సంవత్సరానికి ఆ విలేఖరులు కూడా ఒక్కరినే ఏరలేదు. జకార్తా ఆసియా క్రీడల్లో ఆ దేశానికి వచ్చిన నాలుగు బంగారు పతకాలూ ఆడపిల్లలు తెచ్చినవే. బిరుదును వాళ్లందరికీ కలిపి ఇచ్చారు. కొలబద్ద చాలనప్పుడు అలా ఒప్పుకోవడం కూడా శాస్త్రీయ దృష్టే.

అయితే ఒక్క మాట చెప్పక తప్పదు. సన్మానం పంట ఇంటికొచ్చాక జరిగే పండుగ. విత్తనాల వేళ ఎవరొచ్చారన్నదే అసలు ప్రశ్న. 2016లో రియోలో రజతం గెలిచిన డియాజ్ కూడా 2019లో సాధన ఖర్చులకు సాయం చేయండని బహిరంగంగా అడగవలసి వచ్చింది. పతకం ఉన్నవాళ్ల గతే అదైతే, లేనివాళ్ల గతి ఏమిటి?

మిత్రులారా! మన కళాశాలలోనూ ఏడాది చివర కప్పులు పంచుకుంటాం, చప్పట్లు కొడతాం. మంచిదే. దాంతోపాటు జూన్, జులై నెలల్లో తెల్లారకముందే మైదానానికి వచ్చేవారెవరో ఒక నోటు పుస్తకంలో రాసిపెడదాం. వారికి బూట్లున్నాయా, గుడ్డు, పాలు దొరుకుతున్నాయా అని అడుగుదాం. ఆ పుస్తకం ఉంటే ఏడాది చివర కప్పు ఎవరికివ్వాలన్న తగాదా కూడా సగం తగ్గుతుంది.